నిచ్చెన తిరిగిన వేసవి

పాల బూత్ ఆవిడ టైలరు భార్యతో చెప్పిందట. టైలరు భార్య మా ఆయనతో అందట. మా ఆయన అన్నం తింటూ మా అత్తయ్య చెవిన వేశాడు. పాస్టరుగారు చర్చి హాల్లో ఎవరినో తెచ్చిపెట్టుకున్నారట. ఆరుగురట, కాదు పదిమందట. వాళ్లలో ఒకావిడ ఎవరేమన్నా పకపకా నవ్వుతుందట. ఆ నవ్వుకి కంగారుపడి పాల బూత్ ఆవిడ రెండు ప్యాకెట్లు ఎక్కువ ఇచ్చేసిందట.

"తెచ్చి ఏం చేస్తాడట వాళ్లని?" అంది అత్తయ్య.

"ఏమో మరి. వాళ్ల ఊరు నీళ్లపాలైందట. వెనక్కి పోదామన్నా ఊరే లేదట."

"మన మతం వాళ్లేనా?"

"ఆ సంగతి పాల బూత్ ఆవిడ చెప్పలేదమ్మా."

"అసలు సంగతి వదిలేసి నవ్వు సంగతి మోసుకొచ్చిందా!" అని అత్తయ్య కంచం పక్కకి జరిపి లేచింది.

మాది సామాన్లు అద్దెకిచ్చే కొట్టు. కుర్చీలు, బల్లలు, షామియానాలు, గరిటెలు, నిచ్చెనలు, వందమందికి వండే గుండిగలు. కొట్లో ఉన్న ప్రతిదాని మీదా అత్తయ్య స్వయంగా ఎర్ర రంగుతో రెండు గీతలు గీస్తుంది. మనుషులకి కూడా గీసేదే, నిలబడరని ఊరుకుంది. నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చి అప్పటికి రెండేళ్లు. డిగ్రీ చదివిన పిల్లనని ముచ్చటపడి చేసుకుని, వెళ్లిన కుర్చీలు వచ్చాయో లేదో చూసుకునే పని నాకు అప్పజెప్పింది.

కొట్లో ఎన్ని ఉన్నా ఒకటి మాత్రం లేదు. మా గుండిగలకి మూతలు లేవు. మామయ్యగారూ ఆయన తమ్ముడూ కొట్టు పంచుకున్న రోజున, మధ్యవర్తి ఎవరో "గుండిగలు పెద్దాయనకి, మూతలు చిన్నాయనకి" అని తీర్పు చెప్పాడు. ఆ మధ్యవర్తి జన్మలో పొయ్యి దగ్గరికి వెళ్లలేదన్నది ఖాయం. ఆ పూట మొదలైన మాటల యుద్ధం ఎంత గట్టిగా జరిగిందంటే, తర్వాత తోడికోడళ్లిద్దరికీ మాట్లాడుకోవడానికి ఇంకేమీ మిగల్లేదు. అన్నదమ్ములిద్దరూ పోయారు. గుండిగలు ఇక్కడ, మూతలు అక్కడ ఉండిపోయాయి. చిన్నత్తయ్య ఇల్లు మా పెరటి గోడకి అవతలి సందులోనే. ఆవిడ దగ్గితే మాకు వినపడుతుంది. చర్చిలో మా అత్తయ్య కిటికీ పక్క బెంచీ మీద కూర్చుంటే, ఆవిడ గుమ్మం పక్క బెంచీ మీద కూర్చునేది. నేనైతే ఆ ఇంటి గడప తొక్కనేలేదు.

ఆ ఆదివారం పాస్టరుగారు ప్రసంగం ముగించి, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. పొట్టి మనిషి, గొంతు మాత్రం మైకు అక్కర్లేనిది.

"హాల్లో ఉన్నవాళ్ల కోసం చాలామంది పాత బట్టలు తెచ్చారని తెలిసింది. దయచేసి వెనక్కి పట్టుకెళ్లండి."

సంచులు తెచ్చిన ఆడవాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకుని, వాటిని బెంచీల కిందికి తోశారు.

"ఇవ్వడం మనకి బాగా వచ్చు. ఇచ్చేసి చేతులు దులుపుకుంటాం. తీసుకున్నవాళ్లు మళ్లీ మన కంట పడటానికి సిగ్గుపడతారు. అందుకని వాళ్లకి ఏమీ ఇవ్వకండి. అరువివ్వండి. చాట అడిగితే చాట, సుత్తి అడిగితే సుత్తి. అరువు పట్టుకెళ్లిన మనిషి తిరిగివ్వడానికి మీ గుమ్మంలోకి రావాలి కదా? వచ్చినప్పుడు ఒక్కసారి కూర్చోమనండి. నేను అడిగేది అంతే. ఆమెన్."

అందరూ ఆమెన్ అన్నారు. అంత చవగ్గా తేలిపోయినందుకు కాస్త గట్టిగానే అన్నారు.

ముందు వరుసలోంచి ఓవర్సీరుగారు లేచారు. రిటైరై ఏళ్లు గడిచినా కొలత టేపు జేబులో పెట్టుకు తిరిగే మనిషి, చర్చి కమిటీకి పెద్ద. "మంచిదే. కానీ వానలు పడేలోగా హాలు ఖాళీ కావాలి. పైన రేకులు మార్చాలి. కమిటీలో అనుకున్నదే."

"ఈలోగా వాళ్లకి ఇల్లు దొరుకుతుందండీ."

"దొరక్కపోతే?"

"దొరుకుతుంది" అని పాస్టరుగారు కిటికీ పక్క బెంచీ వైపు చూశారు. అత్తయ్య కిటికీలోంచి బయటికి చూసింది. మా మేడ మీద రెండు గదులు ఖాళీగా ఉన్నాయని ఊరందరికీ తెలుసు.

మర్నాడే ఆయన కొట్టుకి వచ్చారు. సైకిలు స్టాండు వేస్తుంటే వెనకాల ఇద్దరు కనిపించారు. ఒకతను సన్నగా, పొడుగ్గా, చేతులకి సిమెంటు మరకలతో ఉన్నాడు. పక్కన అతని భార్య. అప్పటికే వీధంతా ఆవిడకి నవ్వులమ్మ అని పేరు పెట్టేసింది. అసలు పేరేమిటని ఎవరూ అడగలేదు, అడిగినా నవ్వేది.

"ఈయన కట్టుబడి పనికి వెళ్తున్నాడమ్మా. మన మాట కొంచెం వచ్చు. ఇద్దరు పిల్లలు, ఒక తమ్ముడు, తల్లి. మీ మేడ మీద గదులు..."

"అక్కడ కుర్చీలున్నాయి" అంది అత్తయ్య.

"మనుషులు బండల మీద పడుకుంటుంటే కుర్చీలకి గదులెందుకమ్మా?"

"కుర్చీలు పొమ్మన్న రోజున పోతాయి. మనుషులు పోతారా?"

పాస్టరుగారు ఆ మాట మింగేసి ఇంకో వైపు నుంచి వచ్చారు. "సరే, గదుల సంగతి తర్వాత. ఒక నిచ్చెన కావాలి. హాలు కప్పుకి చిల్లు పడింది, టార్పాలిన్ కట్టాలి."

"అద్దెకిస్తాం. అరువివ్వం."

"నిన్న ఆమెన్ అన్నారు కదమ్మా!"

"అలవాటుగా అన్నాను."

నాకు నవ్వు ఆగలేదు. నాకంటే ముందు నవ్వులమ్మ నవ్వింది, పెద్దగా, గలగలా. అత్తయ్య కనుబొమలు ముడిపడ్డాయి.

"అందులో అంత నవ్వేముంది?"

భర్త తలొంచుకున్నాడు. "భాష రాదండీ. భయమేస్తే నవ్వుతుంది. అక్కడ నీళ్లు వచ్చిన రోజు కూడా నవ్వింది."

అత్తయ్య ఎత్తు స్టూలు మీంచి దిగి, కుర్చీల దొంతరని ఊరికే ఒకసారి సర్ది, మళ్లీ ఎక్కి కూర్చుంది.

"ఆ మూల పొడుగు నిచ్చెన పట్టుకెళ్లమను. సాయంత్రానికి నా కొట్లో ఉండాలి."

ఆ సాయంత్రం రాలేదు. మర్నాడూ రాలేదు. వారం గడిచింది. మా ఆయన హాలుకి వెళ్లి చూసొచ్చాడు. టార్పాలిన్ ఉంది, నిచ్చెన లేదు.

"అమ్మేసుకున్నారు!" అంది అత్తయ్య. "ఎర్ర గీతలు గీకి మరీ అమ్మి ఉంటారు. రమ్మను ఆ పాస్టర్ని!"

పాస్టరుగారు భార్యాభర్తలిద్దరినీ వెంటబెట్టుకుని పరుగున వచ్చారు. నవ్వులమ్మ భర్త మొహంలో తప్పు చేసిన ఛాయే లేదు.

"నిచ్చెన టైలరుగారికి ఇచ్చానండీ. బోర్డు కట్టుకోవాలన్నాడు."

"నా నిచ్చెన నువ్వెవరివి ఇవ్వడానికి?"

అతనికి ఆ ప్రశ్న అర్థం కాలేదు. భాష రాక కాదు. "మా ఊళ్లో నిచ్చెన ఎవరికి పనుంటే వాళ్లింటికి వెళ్తుందండీ. పనైపోయాక వాళ్లు ఇంకొకరికిస్తారు. మళ్లీ మీకు పని పడితే మీ ఇంటికే వస్తుంది. ఇప్పుడు మీకు దాంతో పనుందా?"

"పనుందా లేదా అని కాదయ్యా! అది నాది!"

"మీదే. కాదని ఎవరన్నారు?"

అత్తయ్య నోరు తెరిచింది, మాట రాలేదు. ఆ ఇంట్లో రెండేళ్లలో ఆ వింత నేను చూడటం అదే మొదలు.

చూడబోతే పోయింది మా నిచ్చెన ఒక్కటే కాదు. పాస్టరుగారి మాట విని వీధంతా పోటీపడి అరువులిచ్చింది. టైలరు ఇస్త్రీపెట్టె టీచరుగారింట్లో తేలింది. టీచరుగారి జల్లెడ కాంపౌండరు వంటింట్లో ఉంది. కాంపౌండరు గొడుగు ఎక్కడుందో కాంపౌండరుకే తెలీదు. ఆ వేసవిలో మా వీధిలో ఎవరి వస్తువూ వాళ్ల ఇంట్లో లేదు.

తర్వాతి ఆదివారం పాస్టరుగారు కాస్త గొంతు తగ్గించి మొదలుపెట్టారు. "పోయినసారి నేను చెప్పినదాంట్లో చిన్న లోపం ఉంది..."

"చిన్నదా!" అన్నాడు వెనక బెంచీలోంచి కాంపౌండరు. "ఎండలో నెత్తి మాడిపోతోందండీ!"

"గొడుగు సంగతి సరే, హాలు సంగతేంటి?" అని ఓవర్సీరుగారు లేచారు. "మబ్బులు పడుతున్నాయి. వాళ్లకి ఇల్లు చూశారా?"

పాస్టరుగారు చూడని ఇల్లు లేదు. ఎక్కడికి వెళ్లినా "మా చుట్టాలు దిగుతున్నారండీ" అన్నారట. ఇంతమంది చుట్టాలు ఒక్కసారే దిగితే ఊళ్లో నిలబడే చోటుండదు. ఆయన మొహంలో మొదటిసారి దిగులు కనిపించింది.

అత్తయ్య మాత్రం ఇల్లు సంగతి వినిపించుకోలేదు. చర్చి మెట్లు దిగుతూనే, "అమ్మాయ్, పద. నా నిచ్చెన నేనే పట్టుకుంటాను. ఆ నవ్వే పిల్లని కూడా రమ్మను, ఎవరికిచ్చిందో చూపిస్తుంది" అంది. పాస్టరుగారు సైకిలు నడిపించుకుంటూ వెనకాల వచ్చారు.

నడిచింది నాలుగిళ్లు. పట్టింది రెండు రోజులు. ఎందుకంటే అత్తయ్య ఎవరింట్లోనూ కాలుపెట్టి ఏళ్లు దాటింది. ఆవిడే తమ గుమ్మంలోకి వచ్చిందంటే ఎవరు ఊరికే పోనిస్తారు? టైలరు భార్య కుట్టే బట్టలన్నీ మంచం మీంచి నేలమీదికి తోసి కూర్చోమంది. "నిచ్చెన ఏదే?" అంటే, "టీచరుగారికి పంపించామండీ, తేనెపట్టు తీయించాలన్నారు. ముందు టీ తాగండి పెద్దమ్మగారూ, మీ మోకాలి నొప్పి ఎలా ఉంది?" అంది. తన మోకాలి గురించి అడిగిన మనిషిని వదిలి వెళ్లడం ఎవరివల్ల అవుతుంది? టీచరుగారింట్లో తేనెపట్టు కథ మొత్తం వినాల్సి వచ్చింది. తేనె తీసింది మాత్రం నవ్వులమ్మ మరిదట. ఒళ్లంతా కుట్టించుకుని సీసా నింపి టీచరుగారి చేతిలో పెట్టాడట. కాంపౌండరు తన ఇంట్లో మా అత్తయ్య బీపీ చూసి, "ఇలా తిరుగుతూ ఉండండి, తగ్గింది" అన్నాడు.

నవ్వులమ్మ ప్రతి ఇంట్లోనూ అత్తయ్య పక్కనే కూర్చునేది. గ్లాసు చూపించి అత్తయ్య వంక చూసేది. "గ్లాసు" అనేది అత్తయ్య చిరాగ్గా. తలుపు చూపించేది. "తలుపు. ఏం, మీ ఊళ్లో తలుపుల్లేవా?" రెండో రోజుకి అత్తయ్యే వేలు పెట్టి చూపించి, "చెప్పు పిల్లా, ఇదేంటి?" అని అడగడం మొదలుపెట్టింది. తప్పు చెబితే తొడమీద చిన్న దెబ్బ వేసేది. నన్నెప్పుడూ అలా వెయ్యలేదు. నాకు కాస్త కుళ్లుగానే అనిపించింది, దాచుకోవడం ఎందుకు.

కాంపౌండరు గుమ్మం దాకా వచ్చి సాగనంపుతూ చెప్పాడు. "నిచ్చెనా? ట్యాంకు కడిగించుకోవాలంటే పోయిన వారం మీ... మీ వెనక సందులో వాళ్లకి ఇచ్చామండీ."

వెనక సందులో ట్యాంకున్న ఇల్లు ఒక్కటే.

పాస్టరుగారు గబుక్కున సైకిలెక్కారు. "అయ్యో, ప్రార్థన కూటం ఉంది నాకు, మర్చేపోయాను!" ఆ పూట ఏ కూటమూ లేదని నాకు తెలుసు.

మేం ముగ్గురం ఆ సందులో గేటు ముందు నిలబడ్డాం. లోపల వరండాకి ఆనించి మా నిచ్చెన ఉంది. ఎర్ర గీతలు రెండూ నిక్షేపంగా ఉన్నాయి. కొంచెం అవతల, అక్కడక్కడా మూతలు. ఒకటి నీళ్ల డ్రమ్ము మీద ఉంది, ఒకటి కోళ్ల గూటికి తలుపైంది, ఇంకోదాని మీద ఏవో గింజలు ఎండబోశారు. అత్తయ్య గేటు కమ్మీ పట్టుకుంది. వదిలింది. మళ్లీ పట్టుకుంది. "అమ్మాయ్, నువ్వెళ్లి పట్టుకురా" అంటుందనుకున్నాను.

అత్తయ్య నవ్వింది. చిన్నగా, పొడిగా, దేనికో తెలియకుండా.

నాకు అర్థం కాలేదు. నవ్వులమ్మకి అర్థమైంది. అత్తయ్య చెయ్యి పట్టుకుని, గేటు తోసి, లోపలికి తీసుకెళ్లింది.

చిన్నత్తయ్య వరండాలో పీట మీద కూర్చుని ఉంది. తలెత్తి మా ముగ్గురినీ చూసింది. ఎలా ఉన్నారని అడగలేదు.

"నీ నిచ్చెనకి మూడో మెట్టు ఊగుతోంది. చూసుకోవా?"

"ఊగేది మెట్టు కాదు, నీ కాలు" అంది అత్తయ్య.

"ఎక్కింది నేను కాదులే. ఇదిగో, ఈ పిల్ల మొగుడే ఎక్కి కడిగిపెట్టాడు." పక్కనున్న ఇంకో పీట ముందుకి జరిపింది. "కూర్చుంటావా అక్కా, పొద్దుగూకేదాకా అక్కడే నిలబడతావా?"

అత్తయ్య చెప్పులు విడిచింది.

ఆ తర్వాత వాళ్లేం మాట్లాడుకున్నారో పూర్తిగా చెప్పలేను. ఇద్దరూ ఒకేసారి మాట్లాడారు. మామయ్యగారి దగ్గు, చిన్నమామయ్య పొగరు, పెళ్లైన కొత్తలో ఇద్దరూ కలిసి మాడ్చిన వంట, అన్నీ కలగాపులగంగా వచ్చాయి. మధ్యలో ఇద్దరూ ఏడ్చారేమో కూడా. నేను కోళ్ల వైపు తిరిగి కూర్చున్నాను. నవ్వులమ్మ డ్రమ్ము మీది మూత చూపించి, "ఇదేంటి?" అని మన మాటలో స్పష్టంగా అడిగింది. తోడికోడళ్లిద్దరూ ఒక్కసారి ఆగిపోయారు.

"చెప్పవే" అంది చిన్నత్తయ్య.

"నువ్వే చెప్పు. నీ దగ్గరే కదా ఉన్నాయి" అంది అత్తయ్య.

మర్నాడు పొద్దున్నే పెరటి గోడ మీంచి ఒక్కొక్క మూతా దిగడం మొదలైంది. అవతల మా నిచ్చెన మీద నవ్వులమ్మ భర్త, ఇవతల స్టూలు మీద మా ఆయన. పెరట్లో గుండిగలన్నీ పరిచి తోడికోడళ్లిద్దరూ మధ్యలో కూర్చున్నారు. ఏ మూత దేనిదో ఒక్కరికీ గుర్తులేదు, ఇద్దరికీ గట్టిగా తెలుసు. "ఇది ఈ గుండిగదే!" "నీ మొహం, అది సొట్టదాని మూత!" నవ్వులమ్మ పిల్లలు రెండు మూతలు చెరొకటి పట్టుకుని టపాటపా కొడుతూ పెరడంతా పరిగెత్తారు. చప్పుడు విని వీధిలో వాళ్లు గోడ మీంచి తొంగి చూశారు. మధ్యాహ్నానికి టైలరు భార్య తన ఇస్త్రీపెట్టె వెతుక్కుంటూ వచ్చి, అది మర్చిపోయి మూతలు సరిచూడటానికి కూర్చుంది. నాకు తెలిసి ఆ ఇస్త్రీపెట్టె ఇంకా ఎవరింట్లోనో పనిచేస్తూనే ఉంది.

సాయంత్రం అత్తయ్య చేతులు కడుక్కుంటూ మా ఆయనతో అంది, "మేడ మీది కుర్చీలు దించు."

"ఎవరి ఆర్డరమ్మా?"

"ఆర్డరు లేదు. పిన్ని వాళ్ల వసారాలో పడేద్దాం. దానికి చోటు ఎక్కువైపోయి తోచడం లేదట."

మా ఆయన నా వంక చూశాడు. నేను గుండిగ వంక చూశాను. ఎవరం ఏమీ మాట్లాడలేదు, మాట్లాడితే ఎక్కడ మనసు మార్చుకుంటుందోనని. కుర్చీలన్నీ దించేసరికి చీకటి పడింది. గదులు తుడిచింది నేనూ నవ్వులమ్మా. ఆవిడ కిటికీ, గడియ, మేకు, చీపురు అని ఒక్కొక్కటీ పేరుపెట్టి పిలుస్తూ తుడిచింది.

ఈ కబురు విని పాస్టరుగారు మర్నాడు వచ్చి కొట్లో నిలబడ్డారు. చేతులు జోడించారు.

"ఆ చేతులు దించండి ముందు" అంది అత్తయ్య. "ప్రతి బుధవారం మా తోడికోడలింటికి ప్రార్థనకి వెళ్తారుగా. నిచ్చెన అక్కడుందని మీకు తెలీదూ?"

"నిచ్చెనలన్నీ ఒకలాగే ఉంటాయి కదమ్మా."

"ఎర్ర గీతలు?"

"నాకు చత్వారం" అని ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. తుడవడానికి చాలాసేపే పట్టింది.

ఆదివారం ఆరాధన అయ్యాక వాన మొదలైంది. ఎవరూ ఇంటికి వెళ్లలేక అందరూ హాల్లోకే చేరారు. అప్పటికే నవ్వులమ్మ వాళ్ల సామాను మూటలు కట్టి గుమ్మం దగ్గర పెట్టారు. చిల్లు పడిన చోట టార్పాలిన్ మీద వాన దడదడలాడుతోంది. చిన్నత్తయ్య మా గుండిగలో టీ కాచి, తన మూత పెట్టి, ఎవరినీ దగ్గరికి రానివ్వకుండా తానే గ్లాసుల్లో పోస్తోంది. కాంపౌండరు గొడుగు దొరికింది. నవ్వులమ్మ అత్తగారి చేతిలో ఉంది. ఆవిడ దాన్ని విప్పి, కాంపౌండరుని దాని కిందికి పిలిచి, పక్కన నిలబెట్టుకుంది. ఆ గొడుగు తనదేనని చెప్పాలో వద్దో తెలియక అతను పడిన అవస్థ చూసి హాలంతా నవ్వింది. నవ్వులమ్మ కూడా నవ్వింది. పాస్టరుగారు ఒక పిల్లని భుజమ్మీద ఎక్కించుకుని, ఇంకో పిల్ల చేత తన పేరు పలికిస్తున్నారు.

ఓవర్సీరుగారు జేబులోంచి టేపు తీసి ఓ గోడ కొలిచారు. మళ్లీ చుట్టి జేబులో పెట్టుకుని, టీ గ్లాసుతో మా అత్తయ్య దగ్గరికి వచ్చారు.

"హాలు ఖాళీ అయింది, నాకు సంతోషమేనమ్మా. కానీ ఒక్క మాట, ఏమనుకోకండి. ఆడవాళ్లున్న ఇల్లు. మేడ మీదికి తెచ్చి పెట్టుకుంటున్నారు. రేపు ఏదైనా మాటా మాటా వస్తే? ఎంతైనా వాళ్లు మనవాళ్లు కాదు కదా."

గ్లాసులు అందిస్తున్న చిన్నత్తయ్య చెయ్యి ఆగింది. పాస్టరుగారు పిల్లని కిందికి దించారు.

అత్తయ్య టీ ఒక గుక్క తాగి, గ్లాసు కింద పెట్టింది.

"నేను పదేళ్ల పైన మాట్లాడకుండా కూర్చున్నది మనవాళ్లతోనేనండీ."